ఎండ్లర్ వారి పిల్లకు గప్పీ సంబంధమా?

అక్వేరియంలో పెంచే గప్పీలనే బుల్లి చేపలకు కట్టుబాట్లు లేవు. ఈ మాట చాలా బాధతో రాస్తున్నాను. ఒకే ట్యాంకులో గప్పీలనీ, వాటి దగ్గరి చుట్టాలైన ఎండ్లర్లనే చేపలనీ వేసి చూడండి. మగ చేప ఎదురొచ్చి, ఒళ్లు వంకర తిప్పి, కాసేపు వణుకుతుంది. అంతే, పెళ్లిచూపులు అయిపోయాయి. జాతకాల్లేవు, పెద్దమనుషుల్లేరు. నెల తిరిగేసరికి ట్యాంకు నిండా పిల్లలు. రెండు జాతులు కలిసి పుట్టిన ఆ పిల్లలకి మళ్లీ పిల్లలు పుడతాయి, అసలు టెన్షన్ అక్కడే.

ఎండ్లర్లు ఆషామాషీ వంశం కాదు. స్వస్థలం వెనెజువెలాలో కుమానా దగ్గర లగూనా దె పాతోస్ అనే మడుగు. 1975లో జాన్ ఎండ్లర్ అనే శాస్త్రవేత్త వీటిని పట్టాడు. ఇవి గప్పీలు కావు, వేరే జాతి అని శాస్త్రీయ నామం వచ్చింది మాత్రం 2005లో. ధ్రువీకరణ పత్రానికి ముప్పై ఏళ్లు! మండలాఫీసు చుట్టూ తిరిగి విసుగెత్తినవాళ్లు కాస్త ఊరట పొందవచ్చు.

ఇంతకీ జాతి అంటే ఏమిటి? ప్రకృతిలో తమలో తాము కలిసి సంతానం కంటూ, ఇతరులతో కలవని గుంపు అని 1942లో ఎర్నెస్ట్ మేయర్ నిర్వచించాడు. 'ప్రకృతిలో' అన్న మాట దగ్గరే మన చేపలు లాయర్ని పెట్టుకుంటాయి. రెండడుగుల గాజు పెట్టె, అడుగున నీలం రాళ్లు, మూలన బుడగలు వదిలే ప్లాస్టిక్ పుర్రె. ఇందులో ప్రకృతి ఏది, యువరానర్?

ప్రకృతిలోనూ పరువు నిలవడం లేదు లెండి. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో సిక్లిడ్ అనే చేపల్లో ఆడవి మగవాటి రంగు చూసి వరుణ్ని ఎంచుకుంటాయి. నీళ్లు మురికై వెలుతురు తగ్గిన చోట ఎరుపేదో నీలమేదో తెలియక జాతులు కలిసిపోతున్నాయని 1997లో పరిశోధకులు తేల్చారు. అర్జునుడు అంతగా భయపడిన వర్ణసంకరానికి ఇక్కడ కారణం బురద నీళ్లు.

మన పెంపకందారులు మాత్రం జాగ్రత్తపరులు. ఎండ్లర్లను ఎన్, పి, కె అని మూడు తరగతులు చేశారు. ఎరువుల బస్తా మీది అక్షరాలే, కంగారు పడకండి. పట్టిన చోటు దాకా కాగితాలున్నవి ఎన్. ముఖం ఎండ్లర్‌దే గానీ కాగితాల్లేనివి పి. కలిపి పుట్టించినవి కె. నవ్వొచ్చినా ఈ లెక్క అవసరమే. గప్పీ రక్తం ఒక్కసారి కలిసిందంటే దాన్ని వేరుచేసే వల ఏ షాపులోనూ దొరకదు. పైగా ఆడ చేపలు రెండు జాతుల్లోనూ ఒకేలా బూడిద రంగులో ఉంటాయి. అవి పాత పరిచయం తాలూకు వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలవు కూడా. కాబట్టి ట్యాంకు మార్చి "మా పిల్ల బుద్ధిమంతురాలు" అని హామీ ఇవ్వకండి.

ఇక ఫ్లవర్‌హార్న్. మలేసియాలో 1990లలో రకరకాల సిక్లిడ్‌లను కలిపి తయారుచేసిన చేప. వంశం మొత్తం సంకరమే. అయినా నుదుటి మీద అంత బుడిపె ఉంది కదా, లక్ష్మీకటాక్షం అంటారు. కూతురికి కులమే కాదు, శాఖ కూడా కలవాలని పట్టుబట్టే పెద్దమనిషే వాస్తు చూపించి మరీ దీన్ని హాల్లో పెట్టిస్తాడు. అడిగిన ధర ఇస్తాడు. వంశం గురించి ఒక్క ముక్క అడగడు. మగ ఫ్లవర్‌హార్న్‌లలో చాలావాటికి సంతానయోగం లేదన్న సంగతి ఆయనకెవరూ చెప్పకండి. దాన్ని తెచ్చిందే వంశవృద్ధి కోసం.