ప్రేముంటే నడుము నొప్పి రాదంటనా?

నెల రోజులుగా మా కావలి చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. పక్షవాతానికి ఇంటివాళ్ల సేవే అసలు మందట. మనసు పెట్టి చేసేవాళ్లకు అలుపే తెలీదట. ఫిజియోథెరపీ డబ్బు గుంజే పనట. మూడు నెలల్లో మనిషి లేవలేదంటే సేవలో లోపమట. పనిమనిషిని పెట్టడమంటే కన్నవాళ్లను వదిలించుకోవడమట.

మా మామయ్యకు కుడిపక్క పడిపోయి 14 నెలలు. అందుకే ఈ నాలుగు మాటలు.

అలుపు సంగతి ముందు. మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపున, తుంటి దగ్గర పుండ్లు పడతాయి. మా అత్త ఫోన్లో 12కి, 2కి, 4కి అలారాలు. ఆయన 70 కిలోలు, ఆమె 48. మొన్న పొద్దున గడప మీద చెంబు పట్టుకునే నిద్రపోయింది. నీళ్లు ఒళ్లో ఒలికినా మెలకువ రాలేదు. ఆమెకు ప్రేమ లేదనేవాళ్లు ఎవరో ఒకసారి మా ఇంటికి రండి. పైగా ఆయన ఊరికే ఏడుస్తాడు, కంచం తోసేస్తాడు. అది మెదడుకు తగిలిన దెబ్బ, పొగరు కాదు. మాకు అది అర్థమయ్యేసరికే ఆర్నెల్లు పట్టింది.

ఫిజియో దండగన్నారు కదా. మా ఆయన నాన్నను లేపడానికి చచ్చుబడిన చెయ్యే పట్టుకుని లాగేవాడు, ప్రేమగానే. భుజం కీలు జారింది. ఫిజియో చేసే అమ్మాయి వచ్చి పాత పంచెను మడతలుపెట్టి మామయ్య నడుముకు గట్టిగా చుట్టి, దాన్ని పట్టుకుని, ఆయన మోకాలికి తన మోకాలు అడ్డంపెట్టి లేపింది. ఒక్క పంచె! మజ్జిగ పలచగా తాగిస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని కూడా ఆ పిల్లే చెప్పింది. ఇప్పుడు ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి చిక్కటి రాగిజావ చెంచాతో పెడతాం.

మూడు నెలల లెక్క సగం నిజం. మొదటి 3 నుంచి 6 నెలల్లో మార్పు త్వరగా కనిపిస్తుంది. తర్వాత ఆగిపోదు, నెమ్మదిస్తుంది. ఎంత కోలుకుంటారన్నది మెదడులో ఎక్కడ, ఎంత దెబ్బ తగిలిందన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ పక్షవాతం మొదలైన 4.5 గంటల్లోపు పడాలి. మామయ్య నిద్రలో పడిపోయాడు, మేం చూసేసరికి తెల్లారింది. ఇందులో మా అత్త సేవ లోపం ఎక్కడుంది?

ఇక పనిమనిషి. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకు 15,000. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ కావాలి. మామయ్య పింఛన్లోంచే పొద్దున వచ్చి స్నానం చేయించే మనిషికి ఇస్తున్నాం. ఈ సంగతి ఏ మెసేజ్‌లోనూ రాదు. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరూ రాదు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. నేను రెండుసార్లు చేశాను.

మా కుటుంబం గ్రూపులో ఆ మెసేజ్ పెట్టింది కోవూరులో ఉండే చిన్నమామ. 14 నెలల్లో రెండుసార్లు వచ్చాడు, యాపిల్ పండ్లతో. ఈ శనివారం వచ్చి రాత్రికి ఉంటానన్నాడు. 2 గంటల అలారం ఆయన ఫోన్లో పెడతాను.