వాళ్ల వల తెగితే వల కాదా?

రామేశ్వరం మరపడవలను శ్రీలంక నేవీ పట్టుకుందని వార్త రావడమే ఆలస్యం, అన్ని పార్టీలదీ ఒకటే ప్రకటన: వెంటనే విడిపించాలి. విడిపించాల్సిందే. జైల్లో మగ్గేది కూలికి ఎక్కిన కలాసీలు, పడవల ఓనర్లు కాదు. అయితే ఆ పడవలు ముందు రాత్రి ఎవరి వలల మీదుగా వెళ్లాయి, ఆ వలల ఖరీదు ఎవరు కడతారు అన్న మాట ఒక్క ప్రకటనలోనూ కనిపించదు. ఏళ్ల తరబడి ఇదే తంతు. ఇక ఊరుకోలేక రాస్తున్నాం.

సంగతి పాఠకులకు తెలిసిందే. శ్రీలంకలో అంతర్యుద్ధం నడిచినన్నాళ్లూ ఆ దేశపు ఉత్తర తీరంలోని జాఫ్నా, మన్నార్ మత్స్యకారులు సముద్రంలోకి సరిగా వెళ్లలేకపోయారు. 2009లో యుద్ధం ముగిసి, అప్పోసప్పో చేసి చిన్న పడవలు దించుకునేసరికి వాళ్ల ఒడ్డు దాకా మన ట్రాలర్లు, అంటే పెద్ద వలను ఈడ్చుకుంటూ పోయే మరపడవలు తిరుగుతున్నాయి. సముద్రం అడుగును గీకే ట్రాలింగును 2017లో శ్రీలంక చట్టం చేసి నిషేధించింది. అదే ఏడాది మన ప్రభుత్వం కూడా తమిళనాడుకు, శ్రీలంకకు మధ్య ఉన్న పాక్ జలసంధి ప్రాంతంలోని 2,000 ట్రాలర్లను తప్పించి లోతు సముద్రానికి మళ్లిస్తామని పథకం తెచ్చింది. అంటే తప్పు జరుగుతోందని మనమే ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నాక నష్టం కట్టాలా, వద్దా?

ఒడిశాలోని బరంపురంలో కూర్చుని పాక్ జలసంధి గొడవ మీకెందుకని అడిగేవాళ్లుంటారు. పొద్దున్నే ఇక్కడి ఆర్యపల్లి ఒడ్డుకు వెళ్లి నిలబడండి. సాయంత్రం వేసిన వల తీయడానికి పోయిన ఫైబర్ బోటు తిరిగొస్తుంది. అందులో నాలుగు బెండ్లు, వాటికి వేలాడుతూ మూరెడు తాడు. మిగతా వలంతా ఏ ట్రాలరో ఈడ్చుకుపోయింది. ఆ వల షావుకారు అప్పు మీద కొన్నది. అప్పు తీరేదాకా పట్టిన చేప అతనికే ఇవ్వాలి, అతను చెప్పిన రేటుకే ఇవ్వాలి. వల పోయినా అప్పు పోదు. ఇంటిముందు చేపల గంప బోర్లించి ఉంటుంది. గోపాలపూర్ నుంచి సోనపూర్ దాకా, ఒడియాలో నూలియాలని పిలిచే మన తెలుగు పల్లెల్లో ఈ బాధ తెలియని ఇల్లు ఉండదు. మన్నార్‌లో వల పోగొట్టుకున్న మనిషి బాధ కూడా అదే. అతని వల చింపింది మన దేశపు పడవ అయినంత మాత్రాన అది బాధ కాకుండా పోతుందా?

మనకు దెబ్బ తగిలినప్పుడు మాత్రం లెక్క వేరు. 2012లో కేరళ తీరంలో ఇటలీ నౌక మీది సైనికులు ఇద్దరు మత్స్యకారులను కాల్చి చంపితే, 10 కోట్ల రూపాయలు జమ అయ్యాకే 2021లో సుప్రీంకోర్టు ఆ కేసు మూసింది. అందులో 2 కోట్లు పడవ యజమానికి. సబబైన పనే. ప్రాణాన్ని, వలను ఒక త్రాసులో వేయడం లేదు. పరాయివాడి వల్ల మన పడవకు జరిగిన నష్టాన్ని మనం గట్టిగా అడిగి రాబట్టుకున్నాం అంటున్నాం. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన 20 మంది ఆంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా దాటి వచ్చేదాకా వాళ్ల ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో ఉన్న మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మన కన్నీటికి విలువ కట్టే నాయకులు ఎదుటివాడి కన్నీటిని ఉప్పునీటిలో కలిపేస్తే ఎలా?

తమిళనాడు మత్స్యకారుల వాదనా ఉంది. అవి తాతల నాటి వేట నీళ్లని, కచ్చతీవు దీవిని శ్రీలంకకు వదిలేసిన 1974 ఒప్పందం తమను అడగకుండా చేసుకున్నదని, నేవీ కాల్పుల్లో తమవాళ్లూ పోయారని అంటారు. ఆ నష్టాలకూ లెక్క కట్టాలి. అయితే వాటిని చూపించి ఎదుటివాడి వల చింపే హక్కు ఎవరికీ రాదు.

ఇక కోర్టుల సంగతి. హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రిబ్యునల్ ముందుకు వెళ్లాల్సింది దేశాలు, వల పోయిన మనిషి కాదు. మన్నార్ మత్స్యకారుడు చెన్నై వచ్చి దావా వేయాలంటే వీసా కావాలి, లాయరు కావాలి, సాక్ష్యం కావాలి. చీకట్లో వల మీదుగా పోయిన పడవ నంబరు చూసిందెవరు? అందుకే రెండు ప్రభుత్వాలు కలిసి వలల నష్టం తేల్చే బోర్డు పెట్టుకోవాలి. ఇదేమీ కొత్త సంగతి కాదు. వలల నష్టం క్లెయిములు తేల్చుకోవడానికి నార్వే, సోవియట్ యూనియన్ 1959లోనే ఒప్పందం రాసుకున్నాయి. 1973లో అమెరికా, సోవియట్ యూనియన్ ఏకంగా బోర్డులే పెట్టుకున్నాయి. అణుబాంబులు ఎక్కుపెట్టుకున్న దేశాలు చిరిగిన వలల దగ్గర కూర్చుని మాట్లాడుకోగలిగాయి. ఒకే తమిళం మాట్లాడే రెండు ఒడ్ల మధ్య అది కుదరదట! మత్స్యకారుల సమస్య మీద భారత్, శ్రీలంక 2016లో పెట్టుకున్న జాయింట్ వర్కింగ్ గ్రూపు ఉంది. అందులో ఈ అంశాన్ని పట్టుబట్టి పెట్టాల్సింది మనం, ఎందుకంటే చింపుతున్నది మన పడవలు.

ఇది పరాయి ఊరి సంగతి అనుకుంటే మోసపోతాం. ఒడిశాలో తీరం నుంచి 5 కిలోమీటర్ల లోపలికి ట్రాలర్లు రాకూడదని చట్టం చెబుతోంది. వస్తూనే ఉన్నాయి. 2022 జనవరిలో విశాఖలో, చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వలల గొడవ పడవలు తగలబెట్టుకునేదాకా పోయింది. అక్కడ కొట్టుకున్నది పక్కపక్క పేటలవాళ్లు, మాట్లాడింది తెలుగే. పరాయి దేశంలో వల చింపి పైసా కట్టకుండా తప్పించుకోవడం అలవాటైన ట్రాలర్ ఓనరు సోనపూర్ తెప్పను చూసి ఆగుతాడా? శ్రీలంక వల లెక్కలోకి రాదని ఈరోజు తల ఊపితే, రేపు మన నూలియా వల కూడా లెక్కలోకి రాదు. అప్పుడు పరిహారం అడగడానికి మనకు ఏ ముఖం ఉంటుంది?

ఓట్ల ముందు ఈ తీరానికి రాని నాయకుడు లేడు. వల భుజాన వేసుకుని, తెప్ప మీద నిలబడి, మత్స్యకారుడు నా అన్న అంటారు. అయ్యా, మన్నార్ మత్స్యకారుడికి కూడా డబ్బు కట్టాలని ఢిల్లీలో ఒక్కసారి నోరు తెరిచి అనండి. అది చేతకాకపోతే ఈసారి మా ఒడ్డున ఆ వల ముట్టుకోకండి.