బాగేపల్లి దాటితే మన సీమే

శనివారం తెల్లవారకముందే బెంగళూరులో హెబ్బాళ ఫ్లైఓవర్ మీద కార్లు బారులు తీరతాయి. వాటిలో చాలా భాగం నంది కొండకో, చిక్కబళ్లాపురం దగ్గరి ఆదియోగి విగ్రహానికో మళ్లిపోతాయి. అదే రోడ్డు మీద ఇంకాస్త ముందుకు పోతే బాగేపల్లి, అది దాటితే ఆంధ్రలోని కొడికొండ చెక్‌పోస్టు, అక్కడ ఎడమకు తిరిగితే లేపాక్షి. బెంగళూరు నుంచి మొత్తం 120 కిలోమీటర్లు. అంత దగ్గర ఉన్నా ఆ చివరి గంట ప్రయాణం చేసేవాళ్లు తక్కువ. చేయనివాళ్లలో హిందూపురం, కదిరి, ధర్మవరం, అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనవాళ్లే ఎక్కువగా కనిపించడం మాకు బాధగా ఉంది. పండక్కి ఊరికి పోతారు, పెళ్లిళ్లకు పోతారు, అమ్మానాన్నలను చూసుకుని ఆదివారం రాత్రికి మారతహళ్లికో, కె.ఆర్. పురానికో వచ్చేస్తారు. ఆఫీసులో పక్క సీటు మిత్రుణ్ని మాత్రం ఎన్నడూ వెంట తీసుకుపోరు.

"మీదే ఊరు?" అని అడిగితే "బెంగళూరుకు దగ్గరే" అని దాటేయడం మనకు అలవాటైపోయింది. ఊరి పేరు చెబితే కరువనో, ఫ్యాక్షననో అంటారని బెరుకు. కరువు నిజమే. అనంతపురంలో ఏడాది మొత్తం కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. బోర్లు ఎండి, చెనక్కాయ పంట పోయి, సామాన్లు సర్దుకుని ఈ నగరానికి వచ్చిన కుటుంబాలు ఎన్నో. ఆ కష్టాన్ని దాచిపెట్టమని మేం అనడం లేదు. ఆ కష్టం ఒక్కటే మన చిరునామా కాదంటున్నాం.

లేపాక్షినే తీసుకుందాం. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు తాబేలు ఆకారంలో ఉన్న బండ మీద కట్టించిన వీరభద్రాలయం అది. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి ఫొటో దిగి పది నిమిషాల్లో బయటపడేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. నాట్య మండపంలో కాసేపు వెల్లకిలా పడుకున్నంత తీరిగ్గా తలెత్తి కప్పును చూడాలి. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, వరసగా నిలబడ్డ ఆడవాళ్లు, వాళ్లు కట్టిన చీరల అంచులు. ఐదు వందల ఏళ్లు కావస్తున్నా ఆ ఎరుపు, ఆ ఆకుపచ్చ ఇంకా కళ్లకు ఆనుతున్నాయి. లతా మండపం స్తంభాల మీద ఒక్కో పక్క ఒక్కో రకం తీగ, ఒక్కో రకం హంస. నేతగాళ్లు వాటిని చూసుకునే మగ్గానికి ఎక్కించారు. మీ ఇంట్లో అమ్మ బీరువాలో ఉన్న పట్టుచీర అంచు ఒక్కసారి తీసి చూడండి.

ఆలయం వెనక బండ మీద పళ్లెం ఆకారంలో గుండ్రంగా, గిన్నెల గుంటలతో సహా తొలిచిన చోట్లు కనిపిస్తాయి. పనివాళ్లు సంగటి తిన్న కంచాలని ఊరివాళ్లు చెబుతారు. ఆ పక్కనే కప్పులేని కల్యాణ మండపం అసంపూర్తిగా, ఆకాశం కింద నిలబడి ఉంది. ఒకే ఒంటికి మూడు తలలున్న ఆవు బొమ్మ ఉంది. పిల్లల చేత రెండు తలలు అరచేత్తో మూయించండి, మిగిలిన తలతో ఆవు వేరే భంగిమలోకి మారిపోతుంది. ఊరి మొదట్లో ఏకశిలా నంది ఎటూ ఉండనే ఉంది. ఈ ఆలయం, ఈ నంది 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి.

పెనుకొండ పేరు చెబితే ఇప్పుడు అందరికీ కార్లే గుర్తొస్తున్నాయి. 2019 నుంచి అక్కడి ఫ్యాక్టరీలో కియా కార్లు తయారవుతున్నాయి, సంతోషం. కానీ 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని తరలివచ్చింది ఈ ఊరికే. గగన్ మహల్, కోట గోడలు, బాబయ్య దర్గా, పార్శ్వనాథుడి జైన బసది ఒకే ఊళ్లో చూడొచ్చు. కదిరి దగ్గర గూటిబైలులో తిమ్మమ్మ మర్రిమాను ఐదెకరాల దాకా పరుచుకుంది, 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. ధర్మవరం పక్క నిమ్మలకుంటలో మేకతోలును పలచన చేసి, రంగులద్ది తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మడకశిర వైపు హేమావతి ఒకప్పుడు నొళంబ రాజుల రాజధాని. అక్కడి శిల్పాలను చూడ్డానికి జనం చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికి వెళ్తారు. అవి పుట్టిన ఊరికి దారి మాత్రం ఎవరినీ అడగరు.

ప్రభుత్వం చేయాల్సింది ఉంది. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ల కోసం కన్నడం, తమిళం, ఇంగ్లీషు మాట్లాడగల స్థానిక యువకులకు గైడ్లుగా శిక్షణ ఇవ్వాలి. శని, ఆదివారాల్లో పొద్దున తీసుకుపోయి సాయంత్రం తిరిగి చేర్చే బస్సులను లేపాక్షి, పెనుకొండ కలిపి నడపాలి. ఆడవాళ్లు వాడుకోగలిగే శుభ్రమైన మరుగుదొడ్లు ప్రతి చోటా ఉండాలి. కప్పుమీది బొమ్మలకు తేమ తగలకుండా చూడటం అన్నిటికన్నా ముఖ్యం. ఒకసారి పెచ్చు రాలితే తిరిగి రాసేవాళ్లు లేరు.

అయితే ఊరి గొప్పను చెప్పే పని ప్రభుత్వానికి వదిలేస్తే కుదరదు. కూర్గు నుంచి వచ్చిన సహోద్యోగి తన కాఫీ తోటకు అందరినీ రమ్మని పిలుస్తాడు, సెలవు రోజుల్లో ఇంట్లో దించుకుంటాడు. మనం పిలవడం లేదు. రాగి సంగటి, ఊరిబిండి, పండగైతే ఓళిగలు పెట్టి పంపే ఇళ్లు మనకు లేవా? మిత్రులు వస్తే మురిసిపోయే అమ్మానాన్నలు అక్కడ ఉన్నారు. ఒక్క ఫోన్ చేసి "ఆదివారం నలుగురం వస్తున్నాం" అంటే చాలు, పక్కింటివాళ్లు కూడా పనిలోకి దిగుతారు.

మొదటి ప్రయాణానికి మా సలహా వీరాపురం. చిలమత్తూరు మండలంలో చిన్న పల్లె. ఏటా చలికాలం ముగిసే వేళకు ఎర్రకాళ్ల కొంగలు అక్కడి చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడబిడ్డల్లా వాటిని ఊరివాళ్లు కాచుకుంటారు, కొట్టనివ్వరు, బెదరగొట్టనివ్వరు. మార్చిలో వెళ్తే ఇళ్ల మధ్యే, తల మీదే, కొంగపిల్లలు నోళ్లు తెరిచి అరుస్తుంటాయి. ఐదింటికి హెబ్బాళ దాటితే ఎండ ఎక్కకముందే అక్కడుంటారు. చెట్ల కింద గట్టిగా మాట్లాడకండి, హారన్ కొట్టకండి.