శీర్షికలో ఒక్క మాట

చర్చి పెట్టిన దినపత్రిక అనగానే ప్రార్థన వేళలు, ఉపదేశాలు అచ్చువేసే కరపత్రం గుర్తొస్తుంది. దక్షిణ కొరియాలోని ‘కుక్మిన్ ఇల్బో’ ఆ బాపతు కాదు. పాస్టర్ డేవిడ్ యోంగి చో నడిపిన యొయిదో ఫుల్ గాస్పెల్ చర్చి దాన్ని 1988 డిసెంబర్‌లో మొదలుపెట్టింది. రాజకీయం, వ్యాపారం, ఆటలు అన్నీ ఉంటాయి. చర్చి కబుర్లకు ‘మిషన్’ పేజీలు వేరు. ఇందులో మాకు తప్పేమీ కనిపించదు. ఏ పేజీ చదువుతున్నాడో పాఠకుడికి తెలుసు కదా. తెలియకుండా జారిపోయే చోటు శీర్షిక.

2020 మార్చిలో ఇదే పత్రిక టెలిగ్రామ్ యాప్‌లో అమ్మాయిలను బెదిరించి అశ్లీల వీడియోలు తీయించి అమ్ముకున్న ‘ఎన్‌త్ రూమ్’ ముఠాల ఆకృత్యాలను వరుస కథనాల్లో బయటపెట్టింది. కూపీ లాగిన ఇద్దరు విద్యార్థినులతో కలిసి చేసిన గట్టి పని అది. రెండు నెలలు తిరగకుండానే, మే 7న, సియోల్‌లో రాత్రి క్లబ్బులకు పేరున్న ఇతెవాన్‌లోని ‘గే క్లబ్’కు కరోనా రోగి వచ్చి వెళ్లాడని ప్రత్యేక వార్త ఇచ్చింది. రోగిని కలిసినవారిని వెతకడానికి కావాల్సినవి మూడే: తేదీ, వేళ, చోటు. ‘గే’ అన్న ఆ నాలుగో ముక్కతో ఎవరికీ పని లేదు.

ఆ ప్రాంతపు క్లబ్బుల సందర్శకుల రిజిస్టర్లలో ఉన్న 5,500 మందిలో దాదాపు 2,000 మంది ఫోన్‌కు దొరకలేదు. నిందంతా శీర్షిక మీద వేయలేం. రిజిస్టర్లో దొంగ నంబరు రాసినవాళ్లు వార్తకు ముందే రాశారు. కానీ నిజం నంబరు ఇచ్చినవాడు కూడా ఫోన్ ఎత్తడానికి జంకే పరిస్థితి ఆ తర్వాతదే. స్వలింగ సంపర్కుడన్న ముద్ర పడి ఇంట్లో తెలుస్తుందని, కొలువు పోతుందని భయం. చివరికి సియోల్ నగరపాలక యంత్రాంగం పేరు అడగకుండా, ‘యోంగ్‌సాన్ 01’ వంటి గుర్తు, ఫోన్ నంబరుతోనే పరీక్షలు చేయాల్సి వచ్చింది. పత్రిక తర్వాత ‘గే’ అన్న మాట తీసేసి శీర్షిక మార్చింది. అప్పటికే మిగతా సైట్లు దాన్ని ఎత్తుకున్నాయి.

విలేకరులకు చేవ లేక జరిగింది కాదని మార్చి కథనాలే చెబుతున్నాయి. 2011 డిసెంబర్‌లో సమ్మెకు దిగి 173 రోజులు నిలబడింది కూడా ఈ పత్రిక సిబ్బందే. సంపాదక స్వేచ్ఛ వారి ప్రధాన డిమాండ్లలో ఒకటి. శీర్షిక మీద ఆఖరి మాట యజమానికి కాక సిబ్బందికి జవాబుదారీగా ఉండేవారిది కావాలి. కొరియాలోనే కొన్ని పత్రికలు సంపాదకుణ్ని నియమించేముందు పాత్రికేయుల ఓటు తీసుకుంటాయి. కుక్మిన్ ఇల్బో అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.