‘చివరి రోజేగా’ నిషేధ చట్టం

పార్లమెంటుకు తీరిక దొరికితే ఒక చిన్న బిల్లు పెట్టాలని సవినయంగా కోరుతున్నాం. దూరప్రయాణాలు చేసే సైకిల్ బృందాల్లో ఎవరూ, ఆఖరి రాత్రి లాడ్జి గదిలో, ‘చివరి రోజేగా’ అనే మాట అనకూడదు. అన్నవాడికి శిక్ష కూడా మేమే సూచిస్తాం: మర్నాడు అందరి పంక్చర్లూ వాడే వేయాలి.

ఆ మాటలో అంత నేరమేముందనేవాళ్లు 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ నుంచి బెంగళూరుకు తొక్కి ఉండరు. దాదాపు 570 కిలోమీటర్లు. కర్నూలు, గుత్తి, అనంతపురం, పెనుకొండ దాటి ఆఖరి రాత్రి బాగేపల్లిలో పడుకుంటారు. కర్ణాటకలోకి వచ్చేశారు, అయినా ఇడ్లీ తెలుగులోనే దొరుకుతుంది. ఇంక వచ్చేసినట్టే అనిపిస్తుంది. మిగిలింది 100 కిలోమీటర్లు. ఏనుగు వెళ్లింది, తోకే కదా! ఆ తోక పైకి లేచి ఉందన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

కర్నూలు సముద్ర మట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది, బెంగళూరు సుమారు 920. ఆ తేడా ఎక్కడో ఒకచోట కట్టాల్సిందే, చేబదులు లాగా. ఘాట్ రోడ్డయితే కనబడుతుంది, గౌరవంగా గేరు దించి ఎక్కుతాం. ఇక్కడ రోడ్డు కంటికి చదును, కాలికి ఎత్తు. సాక్ష్యం కావాలంటే పెన్నా నదిని చూడండి. నంది కొండల దగ్గర పుట్టి, బుద్ధిగా పల్లం చూసుకుని నెల్లూరు దారి పట్టింది. మనం మాత్రం లగేజీతో సహా దానికి ఎదురు పోతాం. జూన్ నుంచి సెప్టెంబరు లోపల వస్తే నైరుతి గాలి కూడా ముఖాన కొడుతుంది, ఉచితం.

ఇంత లెక్క తెలిసిన బృందం ఆ రాత్రి ఏం చేస్తుంది? చైనుకు నూనె వేయదు. పెద్ద పనేం కాదు. గుడ్డతో దుమ్ము తుడిచి, ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పి, కాసేపాగి పైన మిగిలిన నూనె తుడిచేస్తే అయిపోయింది. ఆ మిగిలినది తుడవకపోతే దుమ్ము పట్టి, చైనును అరగదీసే ముద్దలా తయారవుతుంది. ఐదు రోజులూ ఈ క్రతువు నిష్ఠగా జరిగింది. ఆరో రోజు ముందు రాత్రి మాత్రం అర్చకుడు ఫోన్లో ఫొటోలు సర్దుకుంటున్నాడు. మర్నాడు చిక్కబళ్లాపురం దాకా చైను పిచ్చుకలా కిచకిచమంటూ వస్తుంది.

తర్వాతి ఘట్టం శపథం. ‘మధ్యాహ్న భోజనం బెంగళూరులోనే!’ అందుకని పొద్దున్న టిఫిను తగ్గిస్తారు. తొక్కేవాడికి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి, అంటే ఓ మోస్తరు అరటిపండ్లు ఒకటో రెండో. శపథం చేసినవాడు ద్రాక్షతోటల పక్కన కూలబడి, నంది కొండల వైపు చూస్తూ, జీవితం గురించి మాట్లాడటం మొదలుపెడతాడు. అది వేదాంతం కాదు, రక్తంలో చక్కెర పడిపోయింది. రెండు పండ్లూ ఉప్పు వేసిన నిమ్మరసమూ ఇస్తే పావుగంటలో మళ్లీ సంసారి అవుతాడు.

ఇక అసలు విషయం, పంక్చరు. హైవే అంచున పేలిన లారీ టైర్ల నుంచి రాలిన ఉక్కు తీగలుంటాయి. వెంట్రుక కంటే కాస్త లావు, గోరంత పొడవు. సైకిలు టైరులోకి దూరాక బయటికి కనబడవు. ట్యూబు విప్పి, వాల్వును గుర్తుగా పెట్టుకుని టైరు మీద పరిచి, చిల్లు ఎక్కడుందో అక్కడ టైరు లోపల పాత గుడ్డతో రుద్దాలి. దారం ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తీగ. దాన్ని గోళ్లు తీసే కట్టరుతో పట్టి లాగాలి. వేలితో వెతికితే వేలికీ పంక్చరే. చివరి రోజు ఇదంతా ఎవడు చేస్తాడు? ‘కొత్త ట్యూబు వేసెయ్ మామా, చివరి రోజేగా!’ ఐదు కిలోమీటర్లలో అదే తీగ, అదే చోట, కొత్త ట్యూబును పలకరిస్తుంది.

ఇప్పుడు ప్యాచ్ తప్పదు. మూడో రోజు విప్పి మూత వదులుగా పెట్టిన సొల్యూషన్ ఎండిపోయింది, నొక్కితే నిట్టూరుస్తుంది. మిగిలిన కాస్తా పూసి, మెరుపు పోయేదాకా నాలుగైదు నిమిషాలు ఆగాలి. ఆగరు. తడి మీదే అంటించిన ప్యాచ్ జారుతుంది. సైకిలు నడిపించుకుంటూ పంక్చరు షాపుకు పోతే, అక్కడి గాలి పైపు మోటారు సైకిలు వాల్వుకు పడుతుంది, మన సైకిలుకుండే సన్నటి ప్రెస్టా రకం వాల్వుకు పట్టదు. మధ్యలో బిగించే ఇత్తడి అడాప్టరు బొటనవేలి గోరంత ఉంటుంది. అది లేక కాదు. బరువెందుకని పొద్దున్నే స్నేహితుడి కారులో ముందుగా పంపేసిన బ్యాగులో భద్రంగా ఉంది.

దేవనహళ్లి దాటాక విమానాశ్రయం టాక్సీలు. సర్వీసు రోడ్డు పట్టుకుని, ఎడమకు చీలే ప్రతిచోటా వెనక్కి చూసుకుంటూ రావడమే, వేరే తంత్రం లేదు. అసలు గొడవ హెబ్బాళ దగ్గర మొదలవుతుంది: బెంగళూరు ఎక్కడ వచ్చినట్టు? స్వాగత బోర్డు దగ్గరే అని ఒకడు, ఫ్లైఓవర్ అని ఒకడు, విధానసౌధ ముందు ఫొటో దిగాకే అని ఇంకొకడు. మా తీర్పు: మేఖ్రి సర్కిల్ దగ్గర, ఊరిని స్థాపించిన కెంపేగౌడ పేరిటి గోపురం. పాత ఊరి ఎల్లలని చెప్పే నాలుగు గోపురాల్లో ఉత్తరానిది అదే, బళ్లారి రోడ్డు మీదే తగులుతుంది. దాని ముందు వాదించుకుంటే కనీసం చరిత్ర ఉంటుంది.

మారతహళ్లి కాపురస్తులు అక్కడినుంచి ఇళ్లకు పోతారు. తక్కినవాళ్లు రాత్రి బస్సుకు ఆనందరావు సర్కిల్ చేరి పెడళ్లు విప్పాలి. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది. నలుగురిలో ముగ్గురు ఇంజనీర్లు కాబట్టి ఆలోచించకుండా బలం పెంచుతారు, అది ఇంకా బిగుస్తుంది. స్పానరు నిలువుగా పైకి పెట్టి సైకిలు వెనక చక్రం వైపు లాగితే రెండు పెడళ్లూ వదులవుతాయి. డిక్కీలో గేర్లున్న కుడివైపు పైకి ఉండేలా పడుకోబెట్టాలి, లేకపోతే వెనక గేరును పట్టి ఉంచే హ్యాంగరు వంగుతుంది. హైడ్రాలిక్ బ్రేకయితే, అంటే ద్రవం ఒత్తిడితో పట్టే డిస్కు బ్రేకయితే, చక్రం తీశాక బ్రేకు ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టాలి. పెట్టకుండా లివరు నొక్కితే ప్యాడ్లు దగ్గరకొచ్చేస్తాయి, ఇంటికెళ్లాక డిస్కు లోపలికి దూరదు.

అట్టముక్క కోసం వెతికేలోగా క్లీనర్ కుర్రాడు లివరు రెండుసార్లు నొక్కి చూసి, మెచ్చుకోలుగా అంటాడు: ‘బ్రేకులు మస్తుగా ఉన్నాయన్నా!’