అన్నీ ఫోన్‌లో ఉన్నాయట!

ఇందాక మా గల్లీ పోరడు ఒకడు షాపులోంచి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఎల్లుండి దుబాయ్ పోతున్నాడు, మొదటిసారి. "పాస్‌పోర్ట్, వీసా, టికెట్, అగ్రిమెంట్ రెండు సెట్లు తీసిస్తాను, ఒకటి నీ సంచిలో పెట్టుకో, ఇంకొకటి మీ అమ్మకియ్యి" అన్నాను. "కాకా, అన్నీ ఫోన్‌ల ఉన్నయ్, ఇంకా ఈ కాగితాలేంది" అన్నాడు. అంతటితో ఊరుకుంటే ఈ పోస్ట్ ఉండేదే కాదు. బయటికి పోతూ దోస్తుతో మెల్లగా "కాకకు గిరాకి లేనట్టుంది" అన్నాడు. వినబడింది బిడ్డా, చెవులు ఇంకా బాగానే పని చేస్తున్నాయి.

అవును, నాది జిరాక్స్ షాపే. మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దు పక్కనే ఉన్న ధర్మాబాద్‌లో ఆన్‌లైన్ ఫారాలు నింపుతాను, ప్రింట్లు తీస్తాను, పేజీకి రెండు రూపాయలు. వాడి ఇరవై పేజీల నలభై రూపాయలతో నేను మేడ కడతానని వాడి భయం కాబోలు. అదే నోటితో ఎదురుగా ఉన్న మొబైల్ షాపులో కవర్‌కు 350, గ్లాసుకు 200 బేరం కూడా చేయకుండా ఇచ్చొచ్చాడు. ఫోన్‌కు చొక్కా కొన్నాడు గానీ లోపల ఏముందో మాత్రం చూసుకోలేదు.

నేను చూశాను కాబట్టి చెప్తున్నా. "సరే, వీసా చూపించు" అన్నాను. గ్యాలరీ తెరిచాడు. గణపతి నిమజ్జనం, డీజే ముందు డ్యాన్సులు, ఎవరిదో బర్త్‌డే కేకు, మళ్ళీ గణపతి, గుడ్ మార్నింగ్ గులాబీలు. బొటనవేలు నొప్పి పుట్టేదాకా తోశాడు. దొరకలేదు. వాట్సాప్‌లో ఏజెంట్ చాట్ తెరిచాడు. అక్కడ వీసా పీడీఎఫ్ ఉంది, నొక్కితే తెరుచుకోలేదు. వచ్చిన రోజు డౌన్‌లోడ్ చేయలేదు, ఇప్పుడేమో మళ్ళీ పంపమని అడుగుతోంది. చివరికి ఒక స్క్రీన్‌షాట్ దొరికింది, సగం కోసేసినది, అందులో వీసా నంబరు ఉండాల్సిన చోట బ్యాటరీ గుర్తు కనబడుతోంది. దీన్ని పట్టుకుని దేశం దాటుతాడట!

ఈ పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాదు. లింకు రావడం వేరు, కాగితం చేతిలో ఉండడం వేరు. డ్రైవ్‌లో ఉందంటారు, మెయిల్‌లో ఉందంటారు. ఆ మెయిల్ కొత్త దేశంలో తెరిస్తే "ఇది నువ్వేనా" అని ఓటీపీ పంపుతుంది. ఓటీపీ మన సిమ్‌కు వస్తుంది, రోమింగ్ వేయించుకోకపోతే ఆ సిమ్ అక్కడ ఉత్త ప్లాస్టిక్ ముక్క. ఎయిర్‌పోర్టులో ఫ్రీ వైఫై ఉందిగా అంటారు. చాలా చోట్ల ఆ వైఫై కూడా ముందు ఓటీపీయే అడుగుతుంది. తాళం లోపల పెట్టి తలుపు వేసుకోవడం అంటే ఇదే.

ఇంకోటి చెప్తాను, నవ్వండి. వాడి ఫోన్‌లో నంబర్లన్నీ ఉత్త పది అంకెలు. అమ్మ, అన్న, ఏజెంట్, ఊళ్ళో కిరాణా సేఠ్, ఒక్కదానికి కూడా ముందు +91 లేదు. అక్కడి సిమ్ వేసి ఆ పది అంకెలు నొక్కితే ఇంటికి పోదు. వాట్సాప్‌లో చేసుకుంటా అన్నాడు. దుబాయ్‌లో వాట్సాప్ మెసేజ్ పోతుంది గానీ కాల్ పోదు రా, ఇంటికి మాట్లాడాలంటే బోటిమ్ లాంటి వేరే యాప్‌లు ఉంటాయి, ఆ మాట ఏజెంట్ చెప్పలేదా అన్నాను. చెప్పలేదు. ఏజెంట్ చెప్పేది ఒకటే, డబ్బు ఎప్పుడు వేస్తావని.

మరి వేలిముద్ర లాక్ సంగతి? వీడు పోతున్నది సెంట్రింగ్ పనికి. సిమెంట్‌లో చేతులు పెట్టేవాళ్ళ గీతలు అరిగిపోతాయి. ఇక్కడ రేషన్ మిషన్ దగ్గరే మేస్త్రీల వేళ్ళు పడవు, ఇంట్లో ఇంకొకరు వచ్చి పెట్టి బియ్యం తీసుకుపోతారు. అక్కడ వాడి ఫోన్ తెరవడానికి వాళ్ళమ్మ పోతుందా? పవర్ బ్యాంక్ ఉంది కదా కాకా, బ్యాగుల ఏసిన అన్నాడు. ఏ బ్యాగులో? కింద లగేజీలో వేసే పెద్ద బ్యాగులో! అది చేతి సంచిలోనే ఉండాలి, లేకపోతే ఎయిర్‌పోర్టులో పిలిచి బ్యాగు విప్పిస్తారు. ఎమిరేట్స్ విమానాల్లో అయితే 2025 అక్టోబర్ 1 నుంచి పవర్ బ్యాంక్ దగ్గర పెట్టుకోవచ్చు గానీ వాడనివ్వరు. ఇక్కడ రైలెక్కి హైదరాబాద్ చేరి, శంషాబాద్‌లో రాత్రంతా రీల్స్ చూసి, తీరా దిగేసరికి ఆ ఫోన్ నల్లగా ఉంటుంది.

నేను ఫోన్ వద్దనట్లేదు, ముందే చెప్తున్నా, కామెంట్లలో "పాత కాలపు ముసలోడు" అని మొదలుపెట్టకండి. అక్కడికి పోయాక ఫోన్ లేకపోతే పూట గడవదు. సౌదీలో ఇకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే కార్డు కూడా అబ్షర్ అనే సర్కారు యాప్‌లో చూపిస్తున్నారు. అదే సౌదీ 2023లో మన పాస్‌పోర్ట్‌ల మీద వీసా స్టిక్కర్ మానేసి క్యూఆర్ ఉన్న కాగితం పెట్టింది. కాగితం! అంత డబ్బున్న దేశం ఏ4 కాగితం పట్టుకురమ్మంటే, మా గల్లీ హీరో మాత్రం వద్దంటాడు.

సరే, అన్నీ ఫోన్‌లో ఉన్నాయనే అనుకుందాం. చదివేదెవరు? మా దగ్గర ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. వీడికి తెలుగు మాట్లాడడం వచ్చు, రాయడం రాదు. మరాఠీ చదువుతాడు. అగ్రిమెంట్ ఇంగ్లీషులో, పక్కన అరబ్బీలో. ఏం రాశారో తెలుసా అంటే "1200 దిర్హమ్‌లు, రూమ్ ఫ్రీ అన్నడు" అంటాడు. అన్నాడు, రాయలేదు! నేను అక్కడే జూమ్ చేసి చదివాను, రూమ్ మాట ఎక్కడా లేదు. ఫోన్ పెట్టి ఫోటో తీస్తే అనువాదం చేసే యాప్ కూడా ఉంది, తెలుగుకూ ఉంది, మరాఠీకీ ఉంది, నెట్ ఉన్నప్పుడు ముందే చూసుకోవచ్చు. దానికి టైం లేదు, ఫోన్‌కు మెరుపుల వాల్‌పేపర్ పెట్టడానికి మాత్రం ఉంది.

పైగా వీడు పదో తరగతి దాటలేదు. పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ ఉంది, అంటే గల్ఫ్‌కు పనికి పోయే ముందు మన సర్కారు అనుమతి తీసుకోవాలన్న గుర్తు. పని వీసా మీద పోతే ఈ-మైగ్రేట్ అనే సర్కారు వెబ్‌సైట్‌లో ఆ క్లియరెన్స్ కావాలి, దానితో పాటు ప్రవాసీ బీమా కట్టాలి, రెండేళ్ళకు 275 రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంటికి 10 లక్షలు. ఏజెంట్ ఇవేవీ లేకుండా విజిట్ వీసా ఇప్పించాడు. "ఆడికి పోయినంక మార్పిస్త" అన్నాడట. ఇంకా పైన సలహా ఏంటంటే, ఇమిగ్రేషన్‌లో ఫోన్ అడిగితే మన చాట్ డిలీట్ చేయమని! అంటే వీడి దగ్గరున్న ఆధారమంతా ఆ ఒక్క చాట్‌లోనే ఉంది, దాన్ని వీడి చేతనే తుడిపిస్తున్నాడు. డబ్బు ఇచ్చినట్టు రసీదు ఉందా అంటే అదీ ఆ చాట్‌లోనే. లక్ష దాటి ఇచ్చారు, వాళ్ళమ్మ మెడలో పుస్తెలతాడు పోయి పసుపుతాడు వచ్చింది.

నాకు కోపం ఎందుకు ఆగదో చెప్తాను. మా వాడకట్టులో ఒకాయన, పేరెందుకు, ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఈ పోస్ట్ చూస్తారు. సౌదీలో నిద్రలోనే పోయాడు. ఇక్కడికి ఎవరో రూమ్మేట్ ఫోన్ చేసి ఆ ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. శవం తెప్పించాలంటే పాస్‌పోర్ట్ నంబరు కావాలి, కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న అక్కడి యజమాని ఎవరో కావాలి, కంపెనీ పేరు, ఇకామా నంబరు కావాలి. ఇంట్లో ఏముంది? పెళ్ళి ఫోటో ఉంది. కంపెనీ పేరు "ఏదో అల్ అని వస్తది" అంది ఆయన భార్య. అల్ అని రాని కంపెనీ ఉందా అక్కడ? అన్నీ ఆయన ఫోన్‌లో ఉన్నాయి, ఫోన్ క్యాంపులో ఉంది, లాక్‌లో ఉంది, వేలు మార్చురీలో ఉంది. నా షాపులోనే కూర్చుని మన విదేశాంగ శాఖ వాళ్ళ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నింపాం, సగం గడులు ఖాళీగా. ఆ అమ్మ గడి గడికీ "ఇది నాకెట్ల తెలుస్తది అన్నా" అంటుంటే నేను కీబోర్డు వైపే చూస్తూ కూర్చున్నాను. శవం చాలా ఆలస్యంగా వచ్చింది. రెండు రూపాయల పాస్‌పోర్ట్ జిరాక్స్ ఒకటి బియ్యం డబ్బాలో ఉన్నా సగం తిరుగుడు తప్పేది.

ఇంత చెప్పాక అసలు మంట ఎక్కడిదో అది కూడా కక్కేస్తాను. రైలెక్కితే పక్కనే బాసర. అక్కడి మనిషి గల్ఫ్‌లో పోతే తెలంగాణ సర్కారు 2024 నుంచి ఇంటికి 5 లక్షలు ఇస్తోంది. అదే క్యాంపులో, అదే రూములో, పై బెర్తు వాడు నిజామాబాద్, కింది బెర్తు వాడు ధర్మాబాద్. పై వాడికి సర్కారు ఉంది, కింది వాడికి చుట్టాలు చందాలు వేసుకోవాలి. మన భాష ఒకటే, పండుగలు ఒకటే, పిల్లనిచ్చి పుచ్చుకునేది అక్కడే, నిజాం రాజ్యంలో ఉన్నదీ కలిసే. 1956లో ఎవరో గీత గీశారు, మా తాతలను అడిగి గీయలేదు. 2018లో మా తాలూకా ఊళ్ళు తెలంగాణలో కలపమని లేచినప్పుడు చూడాలి, ఎన్నడూ రాని కార్లన్నీ వచ్చాయి. రోడ్లన్నారు, నీళ్ళన్నారు, సరిహద్దు ఊళ్ళకు ప్రత్యేకంగా చూస్తామన్నారు. చూశారు, కారు అద్దాల్లోంచి. అటు పోతే "మీరు మహారాష్ట్ర వాళ్ళు" అంటారు, ఇటు ఆఫీసులో తెలుగులో ఒక మాట జారితే "తెలంగాణకే పొండి" అని జోకు. ఓట్లప్పుడు మాత్రం రెండు వైపుల నాయకులకూ తెలుగు, మరాఠీ రెండూ గడగడా వస్తాయి.

అక్కడికీ పోరడి వెనకాలే వాళ్ళింటికి వెళ్ళి వాళ్ళమ్మకు దొరికిన కాగితాల వరకు ఒక సెట్టు ఇచ్చి వచ్చాను, డబ్బులు అడగలేదు, గిరాకి మాట వాడికే తగలనీ. వెనక పేజీ మీద నంబర్లన్నీ +91తో రాశాను, దుబాయ్‌లో మనవాళ్ళ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ 800 46342 కూడా రాశాను. విజిట్ వీసా మీద పంపొద్దమ్మా అని కూడా చెప్పాను. "టికెట్ అయిపోయింది గదా అన్నా" అంది.

ఇక కింద "జై మహారాష్ట్ర", "జై తెలంగాణ" అని కొట్టుకునేవాళ్ళు మీ వాల్ మీద కొట్టుకోండి, ఇక్కడ కనబడితే బ్లాక్ చేస్తా. ఆ ఏజెంట్ కూడా నా ఫ్రెండ్ లిస్టులో ఉన్నాడు, చదువుతున్నాడని తెలుసు. అన్నా, లైక్ కొట్టకు. ఆ పిల్లాడికి రసీదు ఇయ్యి.