అప్పటి పత్రికల్లో ఎంత హుందాతనమండీ!

మొన్న ఒక సభలో డల్లాస్ నుంచి వచ్చిన పెద్దాయనకు శాలువా కప్పారు. కప్పించుకుని ఊరికే కూర్చుంటే బాగుండదు కాబట్టి ఆయన మైకు అందుకుని మన పత్రికల మీద, మన టీవీ చర్చల మీద ఆవేదన వెళ్లబోసుకున్నారు. "అమెరికా పుట్టిన కొత్తలో చూడండి! వాషింగ్టన్, జెఫర్సన్, హామిల్టన్! పత్రికల్లో సిద్ధాంతాలు తలపడేవి గానీ మనుషులు తిట్టుకునేవాళ్లు కాదు. చర్చిలో నీతి, కరపత్రంలో తర్కం. ఎంత హుందాతనమండీ!" చప్పట్లు మోగాయి. వెనక వరసలో ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు.

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఈ హుందాతనాన్ని ఎవరో ఒకరు సూట్‌కేసులో పెట్టుకుని తెస్తూనే ఉన్నారు. కాబట్టి మన పిల్లలకు పాఠంగా పెట్టుకోదగ్గ కొన్ని ఘట్టాలను సవినయంగా మనవి చేస్తున్నాను.

1791లో విదేశాంగ మంత్రి జెఫర్సన్ గారు ఫిలిప్ ఫ్రెనో అనే కవికి తన శాఖలో అనువాదకుడి ఉద్యోగం ఇచ్చారు. జీతం ఏడాదికి 250 డాలర్లు. పని పెద్దగా ఉండదు. ఆ తీరికలో ఫ్రెనో ఫిలడెల్ఫియాలో 'నేషనల్ గెజెట్' పెట్టి, జీతమిచ్చే ప్రభుత్వాన్నే ఉతికి ఆరేసేవాడు. ముఖ్యంగా ఆర్థిక మంత్రి హామిల్టన్‌ను. హామిల్టన్ తక్కువ తిన్నాడా? ఆయనకు జాన్ ఫెన్నో నడిపే 'గెజెట్ ఆఫ్ ద యునైటెడ్ స్టేట్స్' ఉంది, దానికి ప్రభుత్వ ప్రింటింగ్ పనులున్నాయి. ఒకే కేబినెట్‌లో ఇద్దరు మంత్రులు, చెరో పత్రిక. ఏ పేపరు ఎవరిదో మొదటి పేజీ చూసి చెప్పేయగల తెలుగు పాఠకుడికి ఇంతకంటే వివరించనక్కర్లేదు.

ఫ్రెనోకు మర్యాద బాగా తెలుసు. తాను ఎవర్ని తిట్టాడో వాళ్లకు పేపరు అందాలి కదా అని అధ్యక్షుడి ఇంటికి మూడేసి కాపీలు పంపేవాడు. 1793 ఆగస్టులో కేబినెట్ సమావేశం మధ్యలో వాషింగ్టన్‌కు ఆ సంగతి గుర్తొచ్చి, ఈ పదవిలో ఉండటం కంటే సమాధిలో ఉండటం నయమని కేకలేశారు. ఆ కేకల్ని శ్రద్ధగా రాసిపెట్టుకున్నది ఎవరనుకున్నారు? ఫ్రెనోకు జీతమిచ్చిన జెఫర్సన్ గారే.

హామిల్టన్ స్వయంగా కూడా రాసేవారు, సొంత పేరుతో మాత్రం కాదు. 1795లో బ్రిటన్‌తో కుదిరిన జే ఒప్పందాన్ని సమర్థిస్తూ 'కామిల్లస్' అనే రోమన్ పేరుతో వ్యాసాల మీద వ్యాసాలు దించారు. అవే రోజుల్లో 'ఫైలో కామిల్లస్', అంటే కామిల్లస్ అభిమాని, ఒకాయన బయల్దేరి ఆ వాదనల్ని బలపరచడం మొదలుపెట్టాడు. ఆ అభిమాని కూడా హామిల్టనే. సోషల్ మీడియాలో రెండో ఐడీతో తన పోస్టుకు తానే 'అద్భుతం అన్నా' అని కామెంటు పెట్టుకునే మన కార్యకర్తలు ఇకనుంచి తలెత్తుకు తిరగొచ్చు. వాళ్ల వెనక పది డాలర్ల నోటు మీద బొమ్మ ఉన్న మనిషి ఉన్నాడు.

ఇక చర్చి. 1798 మే 9న, అధ్యక్షుడు ఆడమ్స్ ప్రకటించిన ఉపవాస దినాన, బోస్టన్‌లో జెడిడాయా మోర్స్ అనే పాస్టరు ప్రసంగ వేదికెక్కి, బవేరియా 'ఇల్యుమినాటి' అనే రహస్య సంఘం అమెరికాలో చొరబడిందని ప్రకటించారు. ఆ సంఘాన్ని బవేరియా ప్రభుత్వం అప్పటికి పదేళ్ల కిందటే అణిచేసింది. ఐనా జులై 4న యేల్ కాలేజీ అధ్యక్షుడు టిమొతీ డ్వైట్ ఇంకో మెట్టెక్కి, మన కొడుకులు వోల్టేర్ శిష్యులవ్వాలా, మన కూతుళ్లు ఇల్యుమినాటి ఉంపుడుగత్తెలవ్వాలా అని సభను నిలదీశారు. మరుసటి ఏడు మోర్స్ గారు 'నా దగ్గర లిస్టు ఉంది' అన్నారు. పేర్లు, వయసులు, పుట్టిన ఊళ్లు, వృత్తులతో సహా! తీరా చూస్తే అది వర్జీనియాలో ఫ్రీమేసన్లు అనే సోదర సంఘానికి చెందిన ఒక శాఖ సభ్యుల పట్టిక. ఈ మోర్స్ గారు దేశానికి భూగోళ పాఠ్యపుస్తకాలు రాసిన మేధావి. ఆయన కొడుకే టెలిగ్రాఫ్ మోర్స్. వదంతి అంత వేగంగా పాకడం చూస్తూ పెరిగిన పిల్లవాడు ఇంకేం కనిపెడతాడు!

ఇక నాకెంతో ఇష్టమైన ఘట్టం. 1798 జులైలో కాంగ్రెస్ సెడిషన్ చట్టం చేసింది. ప్రభుత్వం మీద, కాంగ్రెస్ మీద, అధ్యక్షుడి మీద దురుద్దేశంతో అబద్ధపు రాతలు రాస్తే రెండేళ్ల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. ఉపాధ్యక్షుణ్ణి మాత్రం ఎంతైనా తిట్టుకోవచ్చు. ఆ పదవిలో ఉన్నది ప్రతిపక్షం జెఫర్సన్ మరి. చట్టం సిరా ఆరకముందే ఆడమ్స్ దంపతులు సొంతూరికి వెళ్తూ న్యూజెర్సీలోని నెవార్క్ మీదుగా సాగారు. ఊరు ఊరంతా స్వాగతం. పదహారు ఫిరంగులు పేలాయి. పక్కనే సారాకొట్టు దగ్గర ల్యూథర్ బాల్డ్విన్ అనే మనిషి ఉన్నాడు. కాస్త హుషారుగానే ఉన్నాడు. అధ్యక్షుడి బండి ముందుకెళ్లిపోయాక కూడా ఫిరంగులు మోగుతుంటే తోటి తాగుబోతు అన్నాడు: అదుగో ప్రెసిడెంటు, ఆయన వెనక భాగానికి గురిపెట్టి పేలుస్తున్నారు. బాల్డ్విన్ అన్నాడు: ఆ భాగంలోంచి దూసుకెళ్లినా నాకేం పట్టింపు లేదు.

కొట్టు యజమాని వెంటనే 'ఇది రాజద్రోహం!' అని అరిచాడు. తాను పోసిన సారా సంగతి పక్కనపెట్టి దేశభక్తి ప్రదర్శించిన వ్యాపారికి జోహార్లు. కేసు ఫెడరల్ కోర్టుకెళ్లింది. ఆలోచించండి. కొత్త గణతంత్రం, ఏడేళ్ల కిందటే రాజ్యాంగంలో చేర్చిన పత్రికా స్వేచ్ఛ, ఫ్రాన్సుతో యుద్ధం వస్తుందేమోనన్న టెన్షన్. వీటన్నిటి మధ్య గౌరవ న్యాయస్థానం అధ్యక్షులవారి పృష్ఠభాగం గురించి విచారణ జరుపుతోంది. పైగా ఈ చట్టంలో ఒక ఔదార్యం ఉంది: అన్నది నిజమని రుజువు చేసుకుంటే నేరం కాదు. మరి బాల్డ్విన్ ఏం రుజువు చేయాలి? తనకు నిజంగానే పట్టింపు లేదనా? ఆ భాగం గురించి ఏనాడూ చింతించలేదని సాక్షుల్ని ఎక్కణ్ణుంచి తేవాలి? చివరికి 150 డాలర్ల జరిమానా పడింది. ఆ బూతు మాటను పత్రికలు మొదటి అక్షరం వేసి, పక్కన ఒక గీత గీసి అచ్చేశాయి. ఆ దశాబ్దం మొత్తంలో నాకు దొరికిన హుందాతనం ఆ గీత ఒక్కటే.

జెఫర్సన్ గారు ఈ చట్టాన్ని తీవ్రంగా ఖండించారు. ఆడమ్స్‌ను ఆడా మగా కాని వికృత స్వభావమని రాసిన జేమ్స్ కాలండర్ అనే పత్రికా రచయితకు చాటుగా డబ్బూ అందించారు. అదే కాలండర్ పోస్టుమాస్టర్ ఉద్యోగం దొరక్క ఎదురుతిరిగి 1802లో జెఫర్సన్‌కు తన బానిస శాలీ హెమింగ్స్‌తో ఉన్న సంబంధం సంగతి బయటపెట్టాడు. మరుసటి ఏడాదే అధ్యక్షుడు జెఫర్సన్ పెన్సిల్వేనియా గవర్నరుకు ఉత్తరం రాస్తూ, ముఖ్యమైన కొందరిమీద కేసులు పెడితే పత్రికలకు మేలు జరుగుతుందన్నారు. కుర్చీ మారింది, అంతే.

ఇంతవరకు నవ్వుకున్నాం. ఇప్పుడు డెడ్‌హామ్‌కు వెళ్దాం. మసాచుసెట్స్‌లో ఆ ఊళ్లో 1798లో నిరసన గుర్తుగా ఒక స్వేచ్ఛాస్తంభం పాతారు. సెడిషన్ చట్టం వద్దు, భూమి పన్ను వద్దు, అధ్యక్షుడికి విశ్రాంతి కావాలి అని దానిమీద బోర్డు. కేసులో ఇద్దరు ముద్దాయిలు. బెంజమిన్ ఫెయిర్‌బ్యాంక్స్ ఊళ్లో ఉన్నవాడు, పరపతిగలవాడు. తప్పయిపోయిందన్నాడు. ఆరు గంటల జైలు, 5 డాలర్ల జరిమానా. డేవిడ్ బ్రౌన్ కూలిపని చేసుకుంటూ ఊరూరా తిరిగేవాడు, స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాడు. 18 నెలల జైలు, 480 డాలర్ల జరిమానా. కూలివాడు 480 డాలర్లు ఎక్కణ్ణుంచి తెస్తాడు? శిక్షాకాలం ముగిసినా లోపలే ఉన్నాడు, 1801లో జెఫర్సన్ క్షమాభిక్ష పెట్టేదాకా. ఒకే స్తంభం, ఒకే బోర్డు, ఒకే జడ్జి. తర్కం అంటే ఇదేనా, పెద్దాయనా?

ఇంకొక్క పత్రిక చూపించి వదిలేస్తాను. 'క్లేపూల్స్ అమెరికన్ డైలీ అడ్వర్టైజర్', ఫిలడెల్ఫియా. 1796 సెప్టెంబరు 19న వాషింగ్టన్ వీడ్కోలు సందేశం మొదట అచ్చయింది ఇందులోనే. స్వేచ్ఛ మీద ప్రేమ మీ గుండె నరాల్లో అల్లుకుపోయి ఉంది, దాన్ని బలపరచడానికి నా సలహా అక్కర్లేదు అంటారు అందులో. సభల్లో చదువుతుంటారు, బాగుంటుంది. అదే పత్రికలో, అదే ఏడాది మే నెలలో, అధ్యక్షుడి ఇంటి తరఫున ఇంకోటి అచ్చయింది: ఓనా జడ్జ్ అనే బానిస పిల్ల పారిపోయింది, మొహం మీద మచ్చలు, నల్లని కళ్లు, ఒత్తయిన జుట్టు, పట్టిస్తే పది డాలర్లు. వెళ్లిపోతుందన్న అనుమానమే రాలేదట, వెళ్లడానికి కారణం కూడా ఏమీ లేదట.

కారణం లేదట! ఆమెను మార్తా వాషింగ్టన్ మనవరాలికి పెళ్లికానుకగా ఇవ్వాలనుకున్నారు. చీరో నగో ఇచ్చినట్టు మనిషిని ఇస్తున్నారు, అయినా కారణం లేదు! సెప్టెంబరు 1న, అంటే ఆ మహా సందేశానికి సరిగ్గా 18 రోజుల ముందు, దాన్ని రాసిన పెద్దమనిషి హామిల్టన్ తర్వాత వచ్చిన ఆర్థిక మంత్రికి ఉత్తరం రాసి ఆమెను వెతికి పట్టమన్నారు. పనిమనిషిలా కాదు, కన్నబిడ్డలా పెంచామని, కృతఘ్నురాలని వాపోయారు. డ్వైట్ గారు ఎవరి కూతుళ్ల కోసం గొంతు చించుకున్నారో గానీ, ఆ లెక్కలో ఈ అమ్మాయి లేదు. ఫ్రెనోకు, ఫెన్నోకు, కామిల్లస్‌కు, ఆయన అభిమానికి, ఒకరినొకరు తిట్టుకోవడానికి ఇన్ని పేజీలు దొరికాయి. కారణం ఏమిటమ్మా అని ఆమెను అడగాలని ఒక్కడికీ తోచలేదు.

చివరికి 1845లో న్యూహాంప్‌షైర్‌లో 'గ్రానైట్ ఫ్రీమన్' అనే చిన్న పత్రిక అడిగింది. అప్పటికి ఆమె ముసలిది, కటిక పేదరాలు, చట్టం ప్రకారం ఇంకా కస్టిస్ కుటుంబపు, అంటే మార్తా మొదటి భర్త కుటుంబపు, ఆస్తి. వాళ్లు వర్జీనియాకు సామాన్లు సర్దుతుంటే తనూ సర్దుకున్నానని, వాళ్లు భోజనానికి కూర్చున్నప్పుడు బయటికి నడిచానని చెప్పింది. బాధ లేదా అంటే లేదంది. ఆ ఇంట్లో తనకు చదువు గానీ, ప్రార్థన గానీ ఎవరూ నేర్పలేదని కూడా చెప్పింది. కన్నబిడ్డలా పెంచారట!